మేజరమ్మ వెతికిన పేర్లు

మొన్న సోమాజిగూడలో ఒక ఆసుపత్రిలో రక్తపరీక్షకు చెయ్యి చాపి కూర్చున్నాను. నర్సు స్పిరిట్‌లో తడిపిన దూదితో మోచేతి మడత దగ్గర తుడిచింది. చర్మానికి ఆ చల్లదనం, ముక్కుకు ఆ ఘాటు తగలగానే సూది సంగతి మరిచిపోయాను. అమీర్‌పేటలో ఒక పాత ఇంటి ముందుగది కళ్ళ ముందు నిలబడింది. ఆ ఇంట్లో టెలిఫోను రిసీవరుకూ, తలుపు గొళ్ళేనికీ, కంప్యూటర్ కీబోర్డుకూ ఇదే వాసన ఉండేది. పొద్దున్నే వాటన్నిటినీ స్పిరిట్ దూదితో తుడిస్తేగాని కాఫీ తాగని మనిషి ఆ ఇంటి యజమాని కనకరత్నం గారు. సైన్యంలో నర్సుగా చేరి, మేజర్ హోదాలో పదవీ విరమణ చేశారు. పాలవాడి నుంచి ఇస్త్రీ బండి అతని దాకా వీధిలో అందరూ ఆమెను మేజరమ్మ అనేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "తీరిక లేకపోయింది" అనేవారు. ఆ మాట అబద్ధం కాదని ఆమెతో రెండేళ్ళు తిరిగిన నాకు తెలుసు.

జనగామ దగ్గరి పల్లెలో డిగ్రీ పూర్తి చేసి, కంప్యూటర్ కోర్సు కోసం నేను అమీర్‌పేటకు వచ్చిన రోజులవి. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా భయపడి, ఏదీ ఆగకపోవడంతో అందరూ మళ్ళీ కంప్యూటర్ల వెంట పడ్డ కాలం. మేడల గోడలు కనపడకుండా ఇన్‌స్టిట్యూట్ల బోర్డులు. బస్సు దిగిన ప్రతివాడి చేతిలో నాలుగు రంగుల కరపత్రాలు పెట్టే కుర్రాళ్ళు. జిరాక్సు షాపుల ముందు ఫైళ్ళు పట్టుకొని నిలబడ్డ నాలాంటి వాళ్ళు వందలమంది. ఆడపిల్లల హాస్టళ్ళన్నీ నిండిపోయాయి. ఒక జిరాక్సు షాపు ఆయన జాలిపడి, వెనక వీధిలో మేజరమ్మ పైగది ఖాళీగా ఉందని చెప్పాడు. "జర జాగ్రత్త బిడ్డా, మిలట్రీ మనిషి" అని కూడా అన్నాడు.

గంజి పెట్టిన తెల్ల నూలుచీర, ఎడమ చేతికి మగవాళ్ళు పెట్టుకునే పెద్ద గడియారం, కాళ్ళకు కాన్వాసు బూట్లు. మేజరమ్మ నన్ను గేటు దగ్గరే నిలబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టారు.

"ఏ ఊరమ్మా మీది?"

"జనగామ దగ్గర మేడం. కోర్సు చేస్తున్న."

"వంట వచ్చా?"

"అస్తది."

"తెలుగు టైపు?"

"నేర్చుకుంట మేడం."

"అంటే రాదన్నమాట. రాదని చెప్పడానికి అంత మొహమాటం ఎందుకు? రానిది రాదని చెబితే సగం పని అయిపోయినట్టే. రా, గది చూసుకో. సాయంత్రాలు నాకు కొంచెం టైపు చేసిపెట్టాలి."

ఏం టైపు చెయ్యాలో ఆ వారమే తెలిసింది. మేజరమ్మది గోదావరి జిల్లాలో పొగడపాలెం అనే ఊరు. చేను దున్నడం ఎంత మామూలో సైన్యంలో చేరడం కూడా అంత మామూలుగా ఉండే ఊరట. ఆమె తండ్రి రెండో ప్రపంచయుద్ధంలో బర్మా సరిహద్దులో జమేదారుగా పనిచేశారు. అప్పటి సైన్యంలో మనవాళ్ళకు దక్కే చిన్న అధికారి పదవి అది. ఆ యుద్ధానికి వెళ్ళిన పొగడపాలెం వాళ్ళందరి పేర్లూ చెక్కించి ఊళ్ళో ఒక రాయి నిలబెట్టాలని హైదరాబాదులో స్థిరపడ్డ ఊరివాళ్ళు కొందరు అనుకున్నారు. వాళ్ళకు పెద్ద సూర్యనారాయణ గారు, పంజాగుట్టలో ఫ్లాట్లు కట్టి అమ్మే వ్యాపారి. ఎవరెవరు ఏ దళంలో చేరారో, ఏ ఇంటివాళ్ళో, తిరిగొచ్చారో లేదో రాసే పనిని మేజరమ్మకు అప్పగించారు. జమేదారు గారి కూతురు, పైగా తానూ సైన్యంలో పనిచేసిన మనిషి కాబట్టి మర్యాదగా ఉంటుందని. ఆమె నిజంగానే ఆ పని చేస్తుందని వాళ్ళు అనుకోలేదనుకుంటాను.

మొదటి సమావేశానికి టైపు చేయడానికని నన్నూ తీసుకెళ్ళారు. సూర్యనారాయణ గారింట్లో పెద్ద హాలు, ఉప్మా, కాఫీలు. ఆయన కళ్ళజోడు పెట్టుకొని రాయి మీద వెయ్యదలచిన పేర్లు చదివారు. ఇంటిపేరుతో, హోదాతో ఒక్కొక్కటీ నిదానంగా చదివి, చివర "మరియు తదితరులు" అని ముగించారు. అందరూ బాగుందన్నారు.

"తదితరులంటే ఎవరండీ?" అని అడిగారు మేజరమ్మ.

"అదేనమ్మా, ఊరి చివర పేటవాళ్ళు కొంతమంది వెళ్ళార్లెండి. రోడ్లు తవ్వడానికీ, మూటలు మొయ్యడానికీ. వాళ్ళు సోల్జర్లు కాదుగా, కూలీలు."

"ఖాకీ బట్టలిచ్చారు కదా వాళ్ళకీ?"

"ఇచ్చుండొచ్చు."

"బాంబు పడేటప్పుడు ఇతను కూలీ, ఇతను సోల్జరు అని చూసుకొని పడదు సూర్యనారాయణ గారూ. తదితరుడని ఏ తల్లీ కొడుక్కి పేరు పెట్టుకోదు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. సూర్యనారాయణ గారు చెడ్డవాడు కాదు. ఊరి బడికి గదులు కట్టించినవాడు. నొచ్చుకోకుండా, "పేర్లు తెలియవు కదమ్మా. తెలిస్తే చెక్కించడానికి నాకేం అభ్యంతరం?" అన్నారు. ఆయన మాటవరసకు అన్నారు. మేజరమ్మ మాత్రం దాన్ని ఆయన ఇచ్చిన మాటగానే తీసుకున్నారు.

తిరిగి నడిచి వస్తూ పంజాగుట్ట చౌరస్తా దాటాం. అమీర్‌పేట వైపు కొంచెం రద్దీ తగ్గాక మేజరమ్మ అన్నారు: "మా నాన్న రైలెక్కిన రోజు నాకు బాగా గుర్తు. చిన్నపిల్లని. జనం మధ్య ఏమీ కనపడక ఏడుస్తుంటే ఒకాయన నన్నెత్తి భుజం మీద కూర్చోబెట్టుకున్నాడు. మా నాన్న కిటికీలోంచి చెయ్యి ఊపడం ఆయన భుజం మీంచే చూశాను. కూత వెయ్యగానే నన్ను మా అమ్మకిచ్చి, ఆయనా పరిగెత్తి అదే రైలెక్కాడు. చివరి పెట్టె. పేటలో సింహాద్రి అని తర్వాత తెలిసింది."

"మల్ల ఆయన వాపస్ రాలేదా మేడం?"

"వచ్చాడు. వచ్చాక పది పదిహేనేళ్ళు ఊళ్ళో ఉన్నాడు. మతి చెడిందన్నారు. దీపావళి టపాకాయలు మోగితే పొలాల్లోకి పరిగెత్తేవాడట. పిల్లలు రాళ్ళు వేసేవాళ్ళు. తర్వాత పెళ్ళాం పిల్లాడితో ఎటో వెళ్ళిపోయాడు. ఎటు వెళ్ళాడని ఎవరూ అడగలేదు." కాస్త దూరం నడిచి, "నేనూ అడగలేదు" అన్నారు.

ఆ వారం నుంచి మా ఆదివారాలన్నీ దానికే. పేట నుంచి పనుల కోసం నగరానికి వచ్చిన కుటుంబాలు బాలానగర్, మూసాపేట, సనత్‌నగర్ చుట్టుపక్కల చెదిరి ఉన్నాయి. ఒక ఇంట్లో దొరికిన ఆచూకీ పట్టుకొని ఇంకో ఇంటికి సిటీ బస్సులో వెళ్ళేవాళ్ళం. ఆమెకు అడగడం వచ్చు. దానికంటే కూర్చోవడం బాగా వచ్చు. ఎవరింటికి వెళ్ళినా బూట్లు విప్పి, వాళ్ళు చూపిన చోట కూర్చొని, వాళ్ళ మోకాళ్ళ నొప్పుల గురించో, పిల్లల చదువుల గురించో మాట్లాడేవారు. నేను సంచిలోంచి టేప్‌రికార్డర్ తీయబోతే కళ్ళతోనే వద్దనేవారు. వాళ్ళంతట వాళ్ళు "రాసుకోండమ్మా" అన్నాకే అది బయటికి వచ్చేది.

ఇంటికొచ్చాక నేను టైపు చేసేదాన్ని. మొదట్లో నాకు అందంగా రాయాలని సరదా. ఒకసారి ఒకాయన గురించి "శత్రుసేనలను వీరోచితంగా ఎదిరించి" అని కొట్టాను. మేజరమ్మ చదివి, పెన్సిలుతో ఆ మాటల కింద గీత గీశారు.

"నువ్వు చూశావా?"

"లేదు మేడం. కానీ యుద్ధమన్నప్పుడు..."

"వాళ్ళ ఆవిడ ఏం చెప్పింది?"

"బర్మకెళ్ళి వచ్చినంక మూడు నెలలు జ్వరంతోని పన్నడని."

"అయితే అది రాయి. జ్వరంతో పడుకోవడం కూడా యుద్ధమే. తెలిసింది రాయి, తెలియనిచోట తెలియదని రాయి. అలంకారాలు వేస్తే ఆ మనిషి మళ్ళీ కనపడకుండా పోతాడు."

అప్పటికి నా కోర్సు అయిపోయింది. ఇంటర్వ్యూలు మొదలయ్యాయి. ఆ వెంటనే అమెరికాలో కంపెనీలు మూతపడుతున్నాయని వార్తలు. ఇక్కడ పిలిచినవాళ్ళు కూడా మొహం చాటేశారు. నా ఇంగ్లీషు విని నవ్వినవాళ్ళున్నారు. తెలంగాణ పల్లె యాస విని, "ట్రైనింగ్ ఇస్తే మారుతుందేమో" అన్నవాళ్ళూ ఉన్నారు. ఒక సాయంత్రం బట్టలు సర్దుకొని కిందికి దిగి, ఇంటికి పోతున్నానని మేజరమ్మకు చెప్పాను. ఊళ్ళో ప్రైవేటు బడిలో చెప్పుకుంటానన్నాను. ఓదారుస్తారేమోనని ఒక మూల ఆశ. ఆమె పప్పులో రాళ్ళు ఏరుతున్నారు, తల ఎత్తలేదు.

"వెళ్ళు. బడిలో చెప్పడం చెడ్డపనేం కాదు. కానీ ఆదివారం సనత్‌నగర్ వెళ్ళొచ్చాక వెళ్ళు. సింహాద్రి గారి అబ్బాయి ఆచూకీ దొరికింది."

ఆ ఆదివారం కోసం ఆగాను. ఆ తర్వాత ఆదివారం కోసం కూడా ఆగాల్సి వచ్చింది. ఎందుకంటే మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన మమ్మల్ని గడప తొక్కనివ్వలేదు. పేరు అప్పారావు. యాభై దాటిన మనిషి. సనత్‌నగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో ఇనుము కోసే లేత్ మిషను మీద పనిచేసేవాడు. పదేళ్ళప్పుడు వచ్చి ఇక్కడే పెరగడంతో మాటంతా హైదరాబాదుదే.

"సింహాద్రి గారి అబ్బాయి మీరేనా అండీ?" అని అడిగారు మేజరమ్మ.

తన తండ్రి పేరు పక్కన 'గారు' వినగానే ఆయన మా ఇద్దరినీ ఒకసారి ఎగాదిగా చూశాడు. "ఎవలు పంపిన్రు మిమ్మల్ని?"

"ఎవరూ పంపలేదు. నాది పొగడపాలెం."

అంతే, ఆ మొహం మూసుకుపోయింది. "ఆ ఊరితోని మాకేం పని లేదమ్మా. మా నాయన సిపాయి గాదు, ఏం గాదు. పిచ్చోడు. పోయిండు. ఇగ ఇడిసిపెట్టున్రి."

రెండోసారి ఆయన భార్య మంచినీళ్ళు ఇచ్చింది. ఆయన లోపలి గదిలోంచి బయటికి రాలేదు. తిరిగొస్తూ నేను విసుక్కున్నాను: "ఆయనకు ఇష్టం లేనప్పుడు ఇడిసిపెట్టాలె గద మేడం?"

"వద్దనుకుంటే వదిలేద్దాం. కానీ ఆయన వద్దన్నది ఊరిని. తండ్రినేమో పిచ్చివాడు అన్నాడు. ఆ మాట ఆయనది కాదు, ఊరిది. అది ఆయన దగ్గర వదిలేసి రాలేను."

మూడోసారి ఇంటికి కాక వర్క్‌షాపుకు వెళ్ళాం. మధ్యాహ్నం భోజనాల వేళ. అప్పారావు షెడ్డు బయట తిరగేసిన డబ్బా మీద కూర్చొని టిఫిన్ డబ్బా విప్పుతున్నాడు. మమ్మల్ని చూసి ఏదో అనబోయాడు. సరిగ్గా అప్పుడే పక్క ఫ్యాక్టరీ సైరన్ మోగింది. ఆయన మెడ ఒక్కసారిగా భుజాల్లోకి కుంగింది. సైరన్ ఆగగానే ఏమీ జరగనట్టు మళ్ళీ అన్నం కలపబోయాడు. నేనైతే పట్టించుకునేదాన్ని కాదు. మేజరమ్మ చూశారు.

"సైరన్ అంటే పడదా మీకు?"

ఆయన డబ్బాలోకి చూస్తూ, మాకు కాక ఆ అన్నానికి చెబుతున్నట్టుగా మొదలుపెట్టాడు.

"మేం ఈడికొచ్చినప్పుడు అన్నీ కొత్త ఫ్యాక్టరీలు. పొద్దుమాపు సైరన్లు. సైరన్ కొట్టంగనే మా నాయన ఏడున్నా సరే ఉరికొచ్చి, నన్ను కింద పడేసి మీద పండేటోడు. బజార్ల, నల్లా కాడ, బడి ముంగట. పోరగాళ్ళందరు చుట్టూ చేరి నవ్వుడు. ఒకపారి నా మోకాలు పలిగింది. నేను మా నాయనను తోసేసిన. పిచ్చోడా అని తిట్టిన. గా దినం సంది ఆయనతోని బయటికి పోవుడే బంద్ చేసిన."

మేజరమ్మ ఆసుపత్రి వార్డులో అడిగినట్టు అడిగారు: "ఆయన మీద పడుకున్నప్పుడు మీకు ఊపిరాడేదా?"

అప్పారావు తెల్లబోయాడు. "ఏందమ్మా?"

"కింద నలిగిపోయేవారా? బరువుగా ఉండేదా?"

ఆయన ఆలోచించాడు. ఆ ప్రశ్న ఇన్నేళ్ళలో ఆయన్ని ఎవరూ అడగలేదు, తనూ అడుక్కోలేదు. "లేదు," అన్నాడు నెమ్మదిగా. "మోచేతులు భూమికి ఆనించేటోడు. బరువు నా మీద పడనియ్యకపోయేది. తలకాయ మీద చెయ్యి అడ్డం పెట్టేటోడు."

"అది పిచ్చి కాదు అప్పారావు గారూ. నేను యుద్ధాలప్పుడు పనిచేశాను. స్ట్రెచర్ మోసేవాళ్ళు అలా చేస్తారు. కాల్పులు మొదలైతే గాయపడ్డవాడిని దింపి, మీద పడుకుంటారు. బరువు మోచేతుల మీద ఉంచుతారు, లేకపోతే కిందివాడు చచ్చిపోతాడు. మీ నాన్నగారికి ఆ పని వచ్చు. ఎక్కడ నేర్చుకున్నారో, ఎంతమంది మీద అలా పడుకున్నారో నాకు తెలీదు. మీ మీద పడుకున్నది మాత్రం మిమ్మల్ని బతికించుకోవడానికే."

అప్పారావు డబ్బా మూత పెట్టేశాడు. లేచి షెడ్డులోకి వెళ్ళి, ఆగి ఉన్న లేత్ మిషను మీద రెండు చేతులూ ఆనించి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. మేం కదల్లేదు. తిరిగి వచ్చేసరికి మొహం కడుక్కొని ఉన్నాడు. "గిది ఎవరన్న ఒక్కలు గప్పుడే చెప్తే మంచిగుండు గదమ్మా" అన్నాడు. తర్వాత టేప్‌రికార్డర్ వైపు చూసి, "రాసుకోన్రి" అన్నాడు.

బస్సులో నేను ఉత్సాహంగా, ఇక సింహాద్రి గారు స్ట్రెచర్ మోసేవారని రాసేయవచ్చన్నాను. మేజరమ్మ ఒప్పుకోలేదు. "అది నా ఊహ. నా ఊహ సాక్ష్యం కాదు. చూసినవాళ్ళు కావాలి."

చూసినవాళ్ళలో ఒక్కరే మిగిలారు. హవల్దారు బుల్లబ్బాయి గారు. పొగడపాలెంలో పెద్ద రైతు కుటుంబం. ఎర్రమంజిల్ ప్రభుత్వ క్వార్టర్స్‌లో ఉద్యోగం చేసే మనవరాలి దగ్గర ఉండేవారు. ఎనభై దాటిన వయసు, చెవులు సరిగ్గా వినపడవు. మేజరమ్మ ఆయన చెవి దగ్గర నోరు పెట్టి "సింహాద్రి" అన్నారు. ఆయన కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారేమో అనుకున్నాను.

"మా దళం వెనకాలే కూలీల కంపెనీ ఆళ్ళది," అన్నారు చివరికి. "పొద్దంతా రోడ్డేసేవారు. కాల్పులు మొదలైతే పారలు పడేసి స్ట్రెచర్లు ఎత్తేవారు. మనుషులు చాలేవారు కాదు మరి. ఓసారి నాకు తొడలో తగిలింది. బురదలో పడున్నాను. నోరెండిపోతోంది. సింహాద్రి వొచ్చి తన సీసాలో నీళ్ళు నా నోట్లో పొయ్యబోయాడు. నీ చేతి నీళ్ళు నేను తాగనురా అన్నాను. అలాంటప్పుడు కూడా. ఆడు నవ్వాడు. తాగకపోతే చచ్చిపోతారండి, ఇక్కడ మన ఊరోళ్ళెవరూ లేరు, తాగండి అన్నాడు. తాగాను." కళ్ళు తెరిచి మేజరమ్మను చూశారు. "ఊరొచ్చాక ఆ మాట ఎవరికీ చెప్పలేదమ్మా. ఆడి మీద పిల్లలు రాళ్ళేస్తుంటే మా అరుగు మీద కూర్చుని చూశాను."

మనవరాలు తలుపు దగ్గర నిలబడిపోయింది. ఆ సాయంత్రం బుల్లబ్బాయి గారు పేటవాళ్ళ పేర్లు ఇంకొన్ని కూడా గుర్తు తెచ్చుకున్నారు. ఒక్కో పేరుకీ చాలాసేపు పట్టింది. మధ్యలో అలసిపోతే మేజరమ్మ ఆయన నాడి చూసి, కాసేపు ఆపి, మళ్ళీ అడిగేవారు. అంత జాలీ, అంత పట్టుదలా ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

చివరి సమావేశం మళ్ళీ పంజాగుట్టలోనే. బుల్లబ్బాయి గారిని మేజరమ్మ ఆటోలో తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. నేను టైపు చేసిన కాగితాలు అందరికీ ఇచ్చాం. ఎవరు, ఏ ఇల్లు, ఏ దళం, ఎక్కడ పనిచేశారు, ఎవరు చెప్పారు, తెలియనిచోట 'తెలియదు'. సూర్యనారాయణ గారు అన్నీ చదివారు. ఆయనా కదిలిపోయినట్టే కనిపించారు. కానీ ఊళ్ళో మిగతావాళ్ళకు జవాబు చెప్పుకోవాలి.

"బాగా చేశారమ్మా. ఒక పని చేద్దాం. పెద్ద రాయి అలాగే ఉంచి, పక్కనే చిన్న పలక ఒకటి పెట్టి వీళ్ళ పేర్లు వేయిద్దాం. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

మేజరమ్మ గొంతు పెంచలేదు. "అయితే పెద్ద రాయి మీద మా నాన్న పేరు తీసెయ్యండి."

సూర్యనారాయణ గారు కాగితాలు కింద పెట్టారు. "అదేంటమ్మా? ఆయన జమేదారు గారు. మొదటి పేరే ఆయనది. ఆయన లేకుండా రాయి ఏంటి?"

"ఆయన ఎక్కిన రైలుకే ఆ చివరి పెట్టె కూడా తగిలించారు సూర్యనారాయణ గారూ. దాన్ని విప్పేస్తానంటే మా నాన్నని కూడా దింపెయ్యండి. చిన్న పలక మీద వేయించండి, నాకు అభ్యంతరం లేదు."

ఎవరో "ఆవేశపడకండి" అన్నారు. ఆమెలో ఆవేశం లేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకొని కూర్చున్నారు, ఎంతసేపైనా కూర్చోగలిగినట్టు. అప్పటిదాకా ఏమీ వినపడనట్టున్న బుల్లబ్బాయి గారు, మనవరాలు చెవిలో చెప్పింది విని చెయ్యెత్తారు.

"నాదీ తీసెయ్యి సూరీడూ."

"తాతయ్యా, మీరు కూడానా?"

"ఆడి చేతి నీళ్ళు తాగి బతికొచ్చినోణ్ణి. ఆడు పక్కన పలక మీద, నేను పెద్ద రాయి మీద ఏంట్రా? తీసెయ్యి."

సూర్యనారాయణ గారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. ఇంకో ఇద్దరి వైపు చూశారు. వాళ్ళు నేల చూశారు. "అక్షరక్రమంలో వేయిద్దాం లెండి," అన్నారు చివరికి. "హోదాలు కూడా వద్దు. అందరివీ ఒకే సైజు." మేజరమ్మ తల ఊపి, "కింద కొంచెం ఖాళీ వదలండి. ఇంకా దొరకాల్సినవాళ్ళు ఉన్నారు" అన్నారు. గెలిచినట్టు కనిపించలేదు. తర్వాతి పని గురించి ఆలోచిస్తున్నట్టే ఉన్నారు.

రాయి నిలబెట్టిన రోజు నేను కూడా పొగడపాలెం వెళ్ళాను. ఉపన్యాసాలయ్యాక, జనం భోజనాలకు వెళ్ళాక, అంతవరకూ దూరంగా నిలబడ్డ అప్పారావు రాయి దగ్గరికి వచ్చాడు. తండ్రి పేరు వెతుక్కొని, జీవితమంతా ఇనుము కోసిన మనిషి కాబట్టి కాబోలు, బొటనవేలి గోరు పెట్టి అక్షరం లోతు చూశాడు. "మంచిగ చెక్కిన్రు. జల్ది అరగదు" అన్నాడు. అంతే అన్నాడు.

నేను ఊరికి తిరిగి పోలేదు. ఆ ఏడాదే ఒక చిన్న కంపెనీలో, ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో తెలియని ప్రశ్నకు తెలియదని చెప్పాను. అడిగినాయన మొదటిసారి కాగితంలోంచి తల ఎత్తి నన్ను చూశాడు. ఉద్యోగం వచ్చిందని మేజరమ్మకు చెబితే, "మంచిది. ఆదివారాలు సెలవేనా?" అన్నారు. పొగడ్త అన్నది ఆమె నోట నేను ఎన్నడూ వినలేదు. ఆమె చివరి రోజుల్లో నేను పక్కన ఉన్నాను. మంచం మీద ఉండి కూడా, ఇంకా పేర్లు దొరకని ముగ్గురి గురించే మాట్లాడారు. "బోరబండ వైపు చూడు. అటు వెళ్ళారని ఎవరో అన్నారు." వీలునామాలా కాదు, డ్యూటీ మారేటప్పుడు ఒక నర్సు ఇంకో నర్సుకు రోగిని అప్పగించినట్టు అప్పగించారు.

ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. అయినా ఆ పని చేస్తూనే ఉన్నాను. కొన్నిసార్లు నెలలు గడిచిపోతాయి, మళ్ళీ ఒక ఆదివారం సంచి భుజానికి తగిలించుకుంటాను. ముగ్గురిలో ఇద్దరు దొరికారు. మూడో మనిషి కుటుంబం నిరుటి చలికాలంలో నిజంగానే బోరబండలో కనిపించింది. ఆ తరంలో ఆయన కోడలు, పెద్ద ముసలావిడ, ఒక్కతే మిగిలింది. మామను ఆమె చూడలేదు. తన పెళ్ళికి చాలా ముందే యుద్ధానికి వెళ్ళాడు, రాలేదు. పేరు అడిగితే అడ్డంగా తల ఊపింది.

"తెల్వదు బిడ్డా. మా అత్త పెనిమిటి పేరు ఎన్నడు నోటితోని పలకలే. 'ఆయన' అనేది. నా పెనిమిటి సుత నాయన అనుడే."

చెప్పులు విప్పి కూర్చున్నాను. ఆమె చేతుల నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. టీ తాగాం. లేవబోతూ, ఆమె పిల్లలు ఎంతమందని అడిగాను. తర్వాత, పెద్దవాడికి పేరు ఎవరు పెట్టారని అడిగాను.

ముసలావిడ చెయ్యి గాలిలో ఆగిపోయింది. "మా అత్తే," అంది. "నేను వేరే పేరనుకున్న. ఆమె ఇననే ఇనలే. గీ పేరే పెట్టాలె అని మూడు దినాలు అన్నం తినలే. పెట్టినంక ఒక్కనాడు సుత వాణ్ని ఆ పేరుతోని పిలువలే. చిన్నా, చిన్నా అనేది."

"ఏం పేరమ్మా?"

ఆమె లోపలికి తిరిగి కేకేసింది. నడివయసు మనిషి ఒకడు, క్యాబ్ డ్రైవర్ల ఖాకీ చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ బయటికి వచ్చాడు. విషయం చెప్పాను. అతను తల్లి వైపూ నా వైపూ మార్చి మార్చి చూశాడు.

"అంటే మేడం, వీరాస్వామి అని... రాయి మీద నా పేరే ఉంటదా?"

"మొదట ఆయనది," అన్నాను. టేప్‌రికార్డర్‌కు బదులు ఇప్పుడు వాడే ఫోను ఇంకా సంచిలోనే ఉంది. అతను తల్లి పక్కన నేల మీద కూర్చొని, చొక్కా చివరి బొత్తం పెట్టుకోవడం మరిచిపోయి, "రాసుకోన్రి మేడం" అనే దాకా దాన్ని బయటికి తీయలేదు.